ఇంట్లో నాస్ పెట్టుకోవడం ఎలా: డిస్కుల ఎంపిక నుంచి రెండో ప్రతి దాకా

2021 జూన్ 1తో గూగుల్ ఫొటోస్‌లో అపరిమిత ఉచిత నిల్వ ముగిసింది. ఆ తరువాత కొన్ని నెలలకే మా ఇంట్లోని నాలుగు ఫోన్లూ ఒకదాని వెనుక ఒకటి చోటు నిండిందని హెచ్చరించడం మొదలుపెట్టాయి. అప్పటికి ఇంట్లో మూడు ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్కులు ఉన్నాయి కానీ దేనిలో ఏముందో ఎవరికీ తెలియదు. పెళ్లి వీడియో రెండింటిలో ఉంది, అమ్మ పొలం పాసుపుస్తకం స్కాన్ ఒక్కదానిలోనూ లేదు. ఆ గందరగోళంలో కొన్నదే ఇప్పుడు మా హాలులో టీవీ పక్కన ఉన్న రెండు డిస్కుల నాస్.

నాస్ అంటే రూటర్‌కు కేబుల్‌తో కలిపి ఉంచే, ఇరవై నాలుగు గంటలూ నడిచే ఒక చిన్న కంప్యూటర్. దానికి మానిటర్, కీబోర్డు ఉండవు. లోపల హార్డ్ డిస్కులు ఉంటాయి. ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, టీవీ అన్నీ వైఫై మీదుగా దానిలోని ఫోల్డర్లను చూడగలవు. దీన్ని కొనడం ఒక సాయంత్రం పని, మొదటి అమరిక మరో సాయంత్రం పని. అసలు జాగ్రత్త పడవలసినదంతా ఆ తరువాత ఉంది కనుక ఈ మార్గదర్శిలో కొనుగోలు కంటే కరెంటు, కేబుల్, రెండో ప్రతి గురించే ఎక్కువ రాశాను.

1. ముందు లెక్క వేసుకోండి

ఇంట్లో ఉన్న మొత్తం డేటా ఎంతో ఒక కాగితం మీద రాయండి. ఫోన్లలోని ఫొటోలు, వీడియోలు, పాత ల్యాప్‌టాప్‌లో ఉన్నవి, పెన్‌డ్రైవ్‌లలో పడి ఉన్నవి అన్నీ కలపండి. మన ఇళ్లలో ఈ లెక్కను తారుమారు చేసేది సాధారణంగా పెళ్లి వీడియోనే. వీడియోగ్రాఫర్ ఎడిట్ చేసిన మూడు గంటల సినిమాతో పాటు ముడి రికార్డింగులన్నీ ఇచ్చాడంటే అదొక్కటే అరటెరాబైటు దాటవచ్చు. మా ఇంట్లో ఒక్క పెళ్లి ఫోల్డరు 640 జీబీ. వచ్చిన మొత్తాన్ని రెండున్నరతో గుణిస్తే అయిదారేళ్లకు సరిపోయే పరిమాణం వస్తుంది. చాలా కుటుంబాలకు ఇది 4 టీబీ దగ్గర ఆగుతుంది.

డిస్కు మీద 4 టీబీ అని ఉన్నా తెర మీద 3.63 అని కనిపిస్తే దుకాణదారు మోసం చేశాడని అనుకోవద్దు. తయారీదారు టెరాబైటును లక్ష కోట్ల బైట్లుగా లెక్కిస్తాడు, కంప్యూటర్ మాత్రం 1024 చొప్పున హెచ్చించుకుంటూ లెక్కిస్తుంది. తేడా అక్కడే వస్తుంది.

బడ్జెట్ విషయంలో నా అభిప్రాయం కొంచెం కటువుగా ఉంటుంది. పెట్టెకు, దానిలోని రెండు డిస్కులకు సరిపోయే డబ్బు మాత్రమే చేతిలో ఉంటే ఒక్క డిస్కుతో మొదలుపెట్టి, రెండో డిస్కు డబ్బుతో విడిగా దాచే ఎక్స్‌టర్నల్ డిస్కు కొనండి. ఈ మాట విని పెదవి విరిచేవారు ఎనిమిదో అంశం చదివాక మళ్లీ ఆలోచించవచ్చు.

2. పెట్టెను ఎంచుకోవడం

మూడు దారులున్నాయి. సైనాలజీ, క్యూనాప్, ఆసుస్టర్ వంటి కంపెనీల సిద్ధమైన పెట్టెలు మొదటి దారి. వీటిలో సాఫ్ట్‌వేర్ ముందే ఉంటుంది, బ్రౌజర్‌లో పేజీ తెరిచి నొక్కుకుంటూ పోతే అమరిక పూర్తవుతుంది. ఇంట్లో మూలన పడి ఉన్న పాత డెస్క్‌టాప్‌లో ఓపెన్‌మీడియావాల్ట్ గానీ ట్రూనాస్ గానీ అనే నాస్ సాఫ్ట్‌వేర్ వేసుకోవడం రెండో దారి. రెండూ ఉచితమే. ఓపెన్‌మీడియావాల్ట్ తక్కువ ర్యామ్‌తో సరిపెట్టుకుంటుంది, ట్రూనాస్ ఫైళ్లను అమర్చడానికి వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ పద్ధతికి 8 జీబీ అయినా ఉండాలి. మూడోది రాస్ప్‌బెర్రీ పై అనే అరచేతి కంప్యూటర్‌కు యూఎస్‌బీ డిస్కు తగిలించడం. నేర్చుకోవడానికి బాగుంటుంది కానీ, వదులైన యూఎస్‌బీ తీగ మీద కుటుంబం ఫొటోలన్నీ ఆధారపడటం నాకు నచ్చదు.

పాత డెస్క్‌టాప్ ఉచితంగా వచ్చినట్టే ఉంటుంది కానీ కరెంటు లెక్క చూడాలి. రెండు డిస్కుల నాస్ సగటున 18 వాట్లు తీసుకుంటుందనుకుంటే నెలకు సుమారు 13 యూనిట్లు. పాత డెస్క్‌టాప్ 60 వాట్లు తింటే 43 యూనిట్లు. ఆ అదనపు 30 యూనిట్లు బిల్లును పై శ్లాబులోకి నెట్టే ఇళ్లలో రెండు మూడేళ్లలోనే పెట్టె ధరలో పెద్ద భాగం కరెంటు బిల్లుకు పోతుంది.

సిద్ధమైన పెట్టె కొనేవారు ఆ మోడల్ అంగీకరించే డిస్కుల జాబితాను కంపెనీ సైటులో ముందుగా చూసుకోవాలి. 2025లో సైనాలజీ తన ప్లస్ శ్రేణి కొత్త మోడళ్లలో ఇతర కంపెనీల డిస్కుల మీద ఆంక్షలు పెట్టి, విమర్శలు వచ్చాక అదే ఏడాది అక్టోబరులో వాటిని సడలించింది. రేపు ఏ కంపెనీ ఏ నియమం పెడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

3. డిస్కులు

డెస్క్‌టాప్ కోసం చేసిన చవక డిస్కు కొనవద్దు. నాస్ కోసమే తయారైన సీగేట్ ఐరన్‌వుల్ఫ్, డబ్ల్యూడీ రెడ్ ప్లస్ వంటివి తీసుకోండి. ఇక్కడ తప్పక తెలుసుకోవలసిన మాటలు రెండు: సీఎంఆర్, ఎస్‌ఎంఆర్. సీఎంఆర్ డిస్కులో డేటా గీతలు ఒకదాని పక్కన ఒకటి విడివిడిగా ఉంటాయి. ఎస్‌ఎంఆర్ డిస్కులో డేటా గీతలు ఇంటి పైకప్పు పెంకుల మాదిరిగా ఒకదాని మీద ఒకటి కొంత కప్పుకొని ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే దాని మీద కప్పుకొన్న పెంకులను కూడా కదపవలసి వచ్చినట్టే, ఒక గీతను తిరగరాయాలంటే పక్క గీతలను కూడా మళ్లీ రాయవలసి వస్తుంది. రోజువారీ వాడకంలో ఇది కనిపించదు. పాడైన డిస్కు స్థానంలో కొత్తది పెట్టి మొత్తం డేటాను ఏకధాటిగా రాయించేటప్పుడు మాత్రం పని రోజుల తరబడి సాగవచ్చు, మధ్యలో విఫలం కూడా కావచ్చు. 2020 ఏప్రిల్‌లో డబ్ల్యూడీ తన రెడ్ శ్రేణిలోని 2 నుంచి 6 టీబీ డిస్కులు కొన్ని ఎస్‌ఎంఆర్ అని ఒప్పుకోవలసి వచ్చింది. అందుకే రెడ్ వేరు, రెడ్ ప్లస్ వేరు. రెడ్ ప్లస్, ఐరన్‌వుల్ఫ్ రెండూ సీఎంఆర్ డిస్కులే.

రెండు డిస్కులూ ఒకే రోజు, ఒకే దుకాణంలో, వరుస నంబర్లతో కొనకుండా ఉంటే మంచిది. ఒకే విడతలో తయారైనవి ఒకే లోపంతో ఒకేసారి జబ్బు పడవచ్చు. నేను ఒకటి సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కంప్యూటర్ దుకాణాలుండే సీటీసీలో తిరిగి కొన్నాను, రెండోది నెల తరువాత ఆన్‌లైన్‌లో తెప్పించాను. ఎక్కడ కొన్నా డబ్బు చెల్లించే ముందో, సీలు విప్పే ముందో డిస్కు మీది సీరియల్ నంబరును తయారీదారు వారంటీ పేజీలో కొట్టి చూడండి. వేరే దేశం కోసం వచ్చిన సరుకైతే ఇక్కడ వారంటీ చెల్లదని అక్కడే తెలిసిపోతుంది.

డిస్కులు చేతికి వచ్చిన వెంటనే రెండింటి సీరియల్ నంబర్లను రెండు చీటీల మీద రాసి, పెట్టెలో ఏ అరలో ఏది పెట్టారో ఆ అర ముందే అంటించండి. ఈ రెండు నిమిషాల పని ఎందుకో చివర్లో తెలుస్తుంది.

4. చోటు, గాలి, కరెంటు

నాస్‌ను అటక మీద పెట్టవద్దు, బీరువాలో పెట్టి తలుపు వేయవద్దు. మే నెలలో రేకుల కప్పు కింద అటక ఎలా ఉంటుందో కోస్తాలో గానీ, రామగుండం వైపు గానీ ఉన్నవారికి చెప్పనక్కరలేదు. డిస్కు ఉష్ణోగ్రత 45 డిగ్రీల లోపు ఉంటే నిశ్చింతగా ఉండవచ్చు. 50 దాటుతుంటే చోటు మార్చండి. వంటగది పొగ, పూజగది విభూతి ధూళి ఫ్యానులోకి పోతాయి. పడకగదిలో పెడితే రాత్రి డిస్కుల గరగర వినిపిస్తుంది. హాలులో రూటర్ పక్కన, గోడకు నాలుగు వేళ్ల ఎడం ఉంచి, నేల మీద కాకుండా బల్ల మీద పెట్టడం ఉత్తమం. వెనుక సందుల్లో బల్లులు దూరకుండా చూసుకోవాలి. నవ్వులాటగా చెప్పడం లేదు, మా మొదటి అడాప్టరు చనిపోయింది బల్లి వల్లనే.

పాత ఇళ్లలో మూడు పిన్నుల సాకెట్ ఉన్నా ఎర్త్ తీగ కలిపి ఉండకపోవచ్చు. పెట్టె లోహపు భాగం తాకితే సన్నగా జివ్వుమంటోందంటే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్త్ సరిచేయించాకే మిగతా పనులు.

కరెంటు పోవడం కంటే, పోయి వచ్చి మళ్లీ పోవడం డిస్కులకు చేటు. ఇన్వర్టర్ ఉంది కదా అనుకోవడం సగమే నిజం. ఇన్వర్టర్‌లో యూపీఎస్ మోడ్ పెడితే మారే క్షణంలో పెట్టె ఆగిపోదు కానీ, బ్యాటరీ అయిపోబోతోందన్న సంగతి అది నాస్‌కు చెప్పలేదు. వేసవిలో నాలుగు గంటల కోత పడి బ్యాటరీ అడుగంటినప్పుడు నాస్ రాస్తూ రాస్తూ ఆరిపోతుంది. యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్న చిన్న యూపీఎస్‌ను నాస్‌కు కలిపితే, బ్యాటరీ తగ్గగానే నాస్ తనంతట తాను ఫైళ్లన్నీ మూసి ఆగిపోతుంది. 600 వీఏ సరిపోతుంది. చవక మోడళ్లలో ఈ డేటా పోర్టు ఉండదు కనుక యూపీఎస్ వెనుక వైపు చూసి మరీ కొనండి. ఈ యూపీఎస్ ఇన్వర్టర్ లైను మీద ఉంటే ఇన్వర్టర్ సైన్ వేవ్ రకానిదై ఉండాలి. స్క్వేర్ వేవ్ రకమైతే యూపీఎస్ దాన్ని మంచి కరెంటుగా గుర్తించక మాటిమాటికీ బ్యాటరీకి మారుతుంది. చివరగా నాస్ సెట్టింగులలో కరెంటు రాగానే దానంతట అదే ఆన్ అయ్యే ఐచ్ఛికాన్ని పెట్టి, యూపీఎస్ ప్లగ్గు ఒకసారి పీకి చూడండి. ఆ పరీక్ష చేయని యూపీఎస్‌ను నమ్మవద్దు.

5. కేబుల్: అందరూ వదిలేసే అడుగు

నాస్‌ను వైఫైతో కాకుండా లాన్ కేబుల్‌తోనే రూటర్‌కు కలపాలి. గిగాబిట్ లైను మీద సెకనుకు 110 ఎంబీ వరకు వస్తుంది, అంటే 1 టీబీ నకలు రెండున్నర గంటల పని. అదే లైను 100 మెగాబిట్‌కు పడిపోతే సెకనుకు 11 ఎంబీ మాత్రమే వచ్చి, అదే పని ఒక పూర్తి రోజు పడుతుంది.

మా ఇంట్లో మొదటి వారం ఇదే జరిగింది. నాస్ మందమని, డిస్కు మందమని రెండు రోజులు తిట్టుకున్నాక, కేబుల్ చివర ఉన్న పారదర్శకమైన ఆర్‌జే45 క్లిప్పును కిటికీ వెలుతురులో పట్టుకుని చూశాను. లోపల ఎనిమిది రంగు తీగలు వరుసగా బంగారు పిన్నుల కింద దాకా చేరి ఉండాలి. వాటిలో నీలం జత రెండూ పిన్నులను అందుకోకుండా ఒక మిల్లీమీటరు వెనుకే ఆగిపోయి ఉన్నాయి. 100 మెగాబిట్‌కు నాలుగు తీగలు చాలు, గిగాబిట్‌కు ఎనిమిదీ కావాలి. ఇంటర్నెట్ కనెక్షన్ ఇవ్వడానికి వచ్చిన కుర్రవాడు క్లిప్పు హడావుడిగా కొట్టాడు, అప్పటి మా ప్లాన్ వేగం తక్కువ కావడంతో తేడా ఎన్నడూ బయటపడలేదు. దుకాణంలో దొరికే సిద్ధమైన క్యాట్ 6 కేబుల్ కొంటే ఈ బాధ ఉండదు. రూటర్‌లో నాస్ తగిలించిన పోర్టు కూడా గిగాబిట్‌దేనా అన్నది దాని స్థితి పేజీలో చూసుకోండి.

ఆ తరువాత రూటర్ పేజీలోకి వెళ్లి నాస్‌కు ఒక స్థిరమైన అడ్రసు కేటాయించండి. జియోఫైబర్ రూటర్లలో ఆ పేజీ సాధారణంగా 192.168.29.1 దగ్గర, చాలా ఇతర రూటర్లలో 192.168.1.1 దగ్గర తెరుచుకుంటుంది. డీహెచ్‌సీపీ రిజర్వేషన్ అనే చోట నాస్ మ్యాక్ నంబరును (ప్రతి నెట్‌వర్క్ పరికరానికీ ఉండే గుర్తింపు సంఖ్యను) ఎంచుకుని, చివర 50 వంటి గుర్తుండే అంకె ఇవ్వండి. ఇలా చేయకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు అడ్రసు మారిపోవచ్చు, అప్పుడు నిన్నటిదాకా తెరుచుకున్న ఫోల్డరు కనిపించడం లేదని ఇంట్లో ఫిర్యాదులు మొదలవుతాయి.

6. మొదటి అమరిక

బ్రౌజర్‌లో నాస్ అడ్రసు కొట్టి, సాఫ్ట్‌వేర్ కొత్త వెర్షన్ వేయించాక డిస్కులను జత చేసే ప్రశ్న వస్తుంది. రెండు డిస్కులు ఉంటే రెయిడ్ 1 ఎంచుకోండి. ఒకదానిలో రాసిన ప్రతి అక్షరం రెండోదానిలోనూ పడుతుంది, రెండు 4 టీబీ డిస్కులకు 4 టీబీ చోటే దక్కుతుంది. మూడు గానీ నాలుగు గానీ డిస్కులుంటే రెయిడ్ 5లో ఒక డిస్కు చోటు మాత్రమే రక్షణకు పోతుంది, నాలుగు 4 టీబీ డిస్కులకు 12 టీబీ మిగులుతుంది. ఫైల్ సిస్టమ్ అడిగితే బీటీఆర్‌ఎఫ్‌ఎస్ గానీ జెడ్‌ఎఫ్‌ఎస్ గానీ తీసుకోండి. రెండూ ప్రతి డేటా ముక్కకు ఒక సరిచూపు సంఖ్య రాసుకుని, కాలక్రమంలో ఎక్కడైనా ఒక బిట్టు చెడితే పట్టుకుంటాయి. ఒక క్షణంలో ఫోల్డర్లు ఎలా ఉన్నాయో గుర్తుంచుకుని, కావాలంటే మళ్లీ ఆ స్థితికి తెచ్చే స్నాప్‌షాట్ సౌకర్యం కూడా వీటితోనే వస్తుంది. మొదటిసారి రెండు డిస్కులనూ సరితూచడానికి కొన్ని గంటలు పడుతుంది. ఆ రాత్రి దాన్ని అలా వదిలేయండి.

తరువాత ఖాతాలు. పెట్టెతో వచ్చే అడ్మిన్ ఖాతాను నిలిపివేసి, వేరే పేరుతో నిర్వాహక ఖాతా తెరిచి దానికి రెండంచెల ధ్రువీకరణ పెట్టండి. మీరు రోజూ ఫైళ్లు చూసుకునేది ఆ ఖాతాతో కాకూడదు. మీకూ సాధారణ ఖాతానే, మీ శ్రీమతికీ పిల్లలకూ సాధారణ ఖాతాలే. ల్యాప్‌టాప్‌లోకి వైరస్ వచ్చినా అది ఆ ఖాతాకు అనుమతి ఉన్న ఫోల్డర్లను దాటి పోలేదు. కంప్యూటర్లు నాస్ ఫోల్డర్లను తెరిచే పద్ధతి పేరు ఎస్‌ఎంబీ, దాని సెట్టింగులలో కనీస వెర్షన్‌ను 2గా పెట్టండి. 2017 మేలో ప్రపంచమంతటా వ్యాపించిన వన్నాక్రై వైరస్ దూరింది పాత ఎస్‌ఎంబీ 1 కంతలోంచే.

7. ఫోల్డర్లు, తెలుగు పేర్లు, ఫోన్లు

మా ఇంట్లో పై స్థాయి ఫోల్డర్లు నాలుగే: ఫొటోలు, వీడియోలు, పత్రాలు, ఎవరి ఫోన్లు వారివి. పత్రాల ఫోల్డరులో రిజిస్ట్రేషన్ దస్తావేజులు, పాసుపుస్తకాలు, టెన్త్ మార్కుల మెమోలు, బీమా కాగితాలు 300 డీపీఐలో స్కాన్ చేసి పెట్టాం. దానికి నాకూ నా శ్రీమతికీ మాత్రమే అనుమతి. ఫొటోల లోపల సంవత్సరం, నెల, సందర్భం అనే వరుసలో పేర్లు పెడితే అవి వాటంతట అవే కాలక్రమంలో అమరుతాయి.

పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు, పెట్టుకోవాలి కూడా. అయితే రెండు చిక్కులు తెలిసి ఉండాలి. నాస్‌లు దాదాపు అన్నీ లైనక్స్ మీద నడుస్తాయి, లైనక్స్‌లో ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు. ఇంగ్లిష్ అక్షరానికి ఒక బైటు పడితే తెలుగులో ప్రతి హల్లుకు, గుణింతపు గుర్తుకు, పొల్లుకు మూడేసి బైట్లు పడతాయి. చూడటానికి ఒకే అక్షరమైన 'శ్రీ' లోపల నాలుగు సంకేతాలు, అంటే 12 బైట్లు. 'మా అక్కయ్య వాళ్ల గృహప్రవేశం సత్యనారాయణ వ్రతం పూర్తి వీడియో' అన్న పేరు 160 బైట్లు అవుతుంది. మామూలు ఫోల్డరులో ఇది పడుతుంది కానీ, సైనాలజీ పాత పద్ధతి ఎన్‌క్రిప్టెడ్ (పాస్‌వర్డు లేనిదే చదవలేని) ఫోల్డరులో హద్దు 143 బైట్లే కనుక నకలు అక్కడ ఆగిపోతుంది. రెండో చిక్కు పాత మ్యాక్‌ల నుంచి వచ్చే ఫైళ్లది. అవి ఐత్వాన్ని ఎత్వంగానూ దాని కింద గుర్తుగానూ రెండు ముక్కలు చేసి దాస్తాయి. దాంతో కంటికి ఒకేలా కనిపించే 'మైసూరు యాత్ర' ఫోల్డర్లు రెండు పక్కపక్కన తయారవుతాయి. ఫైలు మాయమైందని కంగారుపడే ముందు పక్క ఫోల్డరు తెరిచి చూడండి.

ఫోన్లలోని ఫొటోలు వాటంతట అవే నాస్‌కు చేరడానికి సైనాలజీలో సైనాలజీ ఫొటోస్ ఉంది. సొంతంగా కట్టుకున్నవారు అదే పని చేసే ఇమిచ్ అనే ప్రోగ్రాము వేసుకోవచ్చు. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలలో తీసిన తేదీ చెరిగిపోయి ఉంటుంది. పెదనాన్నగారు పంపిన పాత గ్రూపు ఫొటో నిన్న మొన్నటి ఫొటోల మధ్య దూరుతుంది. ముఖ్యమైనవాటిని వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపమనండి, అప్పుడు ఫైలు ఉన్నది ఉన్నట్టుగా వస్తుంది. టీవీలో వీడియోలు చూడటానికి జెల్లీఫిన్ అనే ప్రోగ్రాము చాలు.

8. రెండో ప్రతి

రెయిడ్ డిస్కు చెడిపోవడం నుంచి మాత్రమే కాపాడుతుంది. మనిషి చేతి నుంచి, వైరస్ నుంచి, దొంగ నుంచి, పిడుగు నుంచి కాపాడదు. ఒక వేసవి సెలవుల్లో మా మేనల్లుడు ల్యాప్‌టాప్‌లో చోటు ఖాళీ చేస్తూ, అది నాస్ ఫోల్డరని తెలియక 2016 ఫొటోలన్నీ తీసేశాడు. రీసైకిల్ బిన్‌లో ఉంటాయిలే అని ధైర్యం చెప్పాను. లేవు. నెట్‌వర్క్ మీది ఫోల్డరులో తీసేసినవి విండోస్ రీసైకిల్ బిన్‌కు రావు, నేరుగా పోతాయి. నాస్‌లో దాని సొంత రీసైకిల్ బిన్‌ను ఫోల్డరు వారీగా ఆన్ చేసి ఉండాలి, నేను చేయలేదు. రెయిడ్ తన ధర్మం తాను నిర్వర్తించి రెండు డిస్కులలోనూ ఒకేసారి తుడిచేసింది. 2016 ఫొటోలు తొమ్మిది రోజుల నాటి ఎక్స్‌టర్నల్ డిస్కులోంచి తిరిగి వచ్చాయి. వాటితో పాటు పోయిన, ఆ తొమ్మిది రోజుల్లో మా శ్రీమతి స్కాన్ చేసి అదే ఫోల్డరులో చేర్చిన అత్తగారి ఇంటి పాత ఆల్బమ్ మాత్రం మళ్లీ మొదటి నుంచి స్కాన్ చేయవలసి వచ్చింది.

ఆ తరువాత స్థిరపడిన మా పద్ధతి ఇది. నాస్‌లో రీసైకిల్ బిన్, రోజూ అర్ధరాత్రి ఒక స్నాప్‌షాట్, అవి ముప్పై రోజుల పాటు. ఇది ఇంటి లోపలి పొరపాట్లకు. ఎక్స్‌టర్నల్ డిస్కులు రెండు. ప్రతి ఆదివారం ఒకటి నాస్ యూఎస్‌బీకి తగిలించి బ్యాకప్ నడిపిస్తాం, పూర్తయ్యాక తీసి బీరువాలో పెడతాం. తగిలించి వదిలేసిన డిస్కు, నాస్‌లోకి వచ్చిన రాన్సమ్‌వేర్‌కు (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్‌కు) మరో ఫోల్డరు మాత్రమే. రెండో డిస్కు తెనాలిలో అక్కయ్య ఇంట్లో ఉంటుంది. పండుగకు వెళ్లినప్పుడల్లా డిస్కులు మార్చుకుని వస్తాం. రెండు డిస్కులకూ పాస్‌వర్డుతో ఎన్‌క్రిప్షన్ పెట్టాం కనుక దారిలో పోయినా పత్రాలు బయటపడవు. బావగారు మొదట్లో దీన్ని ముడుపు మూట అని వేళాకోళం చేసేవారు, ఇప్పుడు ఆయన ఇంటి పత్రాలు కూడా దానిలోనే ఉన్నాయి.

విదేశాల్లో పిల్లలున్న ఇళ్లలో ఇంకో మార్గం ఉంది. అక్కడొక నాస్, ఇక్కడొక నాస్ పెట్టి ఒకదాని ప్రతి మరొకదానికి రాత్రివేళ పంపించవచ్చు. మొదటి ప్రతిని మాత్రం డిస్కులో మోసుకుపోవడమే నయం. 100 మెగాబిట్ అప్‌లోడ్ మీద 1 టీబీ పంపడానికి దాదాపు ఒక రోజు పడుతుంది, మన ఫైబర్ ప్లాన్లలో తరచుగా కనిపించే నెలకు 3300 జీబీ హద్దులో అది పెద్ద వాటా.

బ్యాకప్ నడిచిందన్న సందేశం చూసి తృప్తిపడకండి. ఏడాదికొకసారి ఆయుధపూజ నాడు నాస్‌కు కుంకుమ బొట్టు పెట్టి, ఫ్యాను సందుల్లో పడకుండా చూసి, ఆ తరువాత ఎక్స్‌టర్నల్ డిస్కును నాస్‌కు సంబంధం లేని వేరే ల్యాప్‌టాప్‌లో తగిలించి ఏదో ఒక ఫోల్డరును పూర్తిగా వెనక్కి తెచ్చి ఫైళ్లు తెరిచి చూస్తాను. మొదటి ఏడాది ఆ పరీక్ష తప్పింది. బ్యాకప్ సాఫ్ట్‌వేర్ తన సొంత రూపంలో దాచిన ప్రతిని తెరవడానికి కావలసిన ప్రోగ్రాము ఆ ల్యాప్‌టాప్‌లో లేదు. అప్పటి నుంచి ఆ ప్రోగ్రాము ఇన్‌స్టాలర్‌ను కూడా డిస్కులోనే, ఎన్‌క్రిప్షన్ లేని చిన్న భాగంలో ఉంచుతున్నాను.

9. ఊరి నుంచి చూడటం

బయటి నుంచి నాస్ చేరడానికి రూటర్‌లో పోర్టులు, అంటే ఇంటర్నెట్ నుంచి నేరుగా లోపలికి వచ్చే దారులు, తెరవమని చెప్పే సలహాలు చాలా కనిపిస్తాయి. వినవద్దు. 2021 ఏప్రిల్‌లో క్లాకర్, 2022 జనవరిలో డెడ్‌బోల్ట్ అనే రాన్సమ్‌వేర్‌లు ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న క్యూనాప్ పెట్టెలను వెతికి పట్టుకుని ఫైళ్లకు తాళం వేశాయి. 2021 జూన్‌లో డబ్ల్యూడీ మై బుక్ లైవ్ పెట్టెలు ప్రపంచమంతటా దూరం నుంచే తుడిచివేతకు గురయ్యాయి. రూటర్‌లో యూపీఎన్‌పీ అనే సౌకర్యాన్ని కూడా ఆపండి, లేకుంటే నాస్ తానే పోర్టు తెరిపించుకోగలదు.

పైగా మన దేశంలో చాలా కనెక్షన్లకు సొంత పబ్లిక్ అడ్రసు ఉండదు. రూటర్ వాన్ అడ్రసు (ఇంటర్నెట్ వైపు అడ్రసు) 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు సీజీనాట్ వెనుక, అంటే ఒకే పబ్లిక్ అడ్రసును ఎన్నో ఇళ్లకు పంచే ఏర్పాటు వెనుక, ఉన్నారని అర్థం, అప్పుడు ఆ అడ్రసు మీద పోర్టు తెరిచినా పని చేయదు. టెయిల్‌స్కేల్ వీటన్నిటికీ తేలికైన పరిష్కారం. వైర్‌గార్డ్ అనే రహస్య సొరంగ పద్ధతి (వీపీఎన్) మీద నడిచే ఈ ప్రోగ్రామును నాస్‌లోనూ ఫోన్లలోనూ వేసి ఒకే ఖాతాతో లాగిన్ అయితే, ఏ పోర్టూ తెరవకుండానే మీ పరికరాలు మాత్రమే ఒకదానినొకటి చూసుకుంటాయి. తెనాలిలో కూర్చుని హైదరాబాద్ నాస్‌లోని ఫొటోలు చూడటానికి మేము వాడేది ఇదే.

10. కనిపెట్టి ఉండటం, డిస్కు పోయిన రోజు

డిస్కు తనను తాను తనిఖీ చేసుకునే స్మార్ట్ చిన్న పరీక్ష వారానికి ఒకసారి, పెద్ద పరీక్ష నెలకొకసారి, డేటా అంతా చదివి సరిచూసే స్క్రబ్ మూడు నెలలకొకసారి నడిచేలా పెట్టండి. మూడూ ఒకే రాత్రి పడకుండా చూడండి. హెచ్చరికలు మీ ఈమెయిల్‌కు రావాలి. స్మార్ట్ పట్టికలో 5, 197, 198 అంకెల వరుసలు సున్నా దాటి పెరుగుతుంటే డిస్కు ఉపరితలం చెడుతోందని అర్థం. 199 మాత్రమే పెరుగుతుంటే డిస్కును నిందించకండి, అది తీగో అరో సరిగా తగలకపోవడం వల్ల వస్తుంది. తీసి మళ్లీ గట్టిగా పెట్టి చూడండి.

డిస్కు నిజంగానే పోయినప్పుడు నాస్ బీప్ మోగుతుంది, పెట్టె మాత్రం నడుస్తూనే ఉంటుంది. తొందరపడి ఏదో ఒక డిస్కును లాగేయడమే ఆ రోజు చేయగల అతి పెద్ద తప్పు. ముందు బీప్ ఆపండి. ముఖ్యమైన ఫోల్డర్లను ఎక్స్‌టర్నల్ డిస్కుకు ఎక్కించండి. పోయిన డిస్కు సీరియల్ నంబరు తెర మీద చూసి, అర ముందు మీరు అంటించిన చీటీతో సరిచూసుకోండి. అంతే పరిమాణం గానీ అంతకంటే పెద్దది గానీ అయిన సీఎంఆర్ డిస్కు తెచ్చి, ఆ అరలోనే పెట్టి మరమ్మతు మొదలుపెట్టండి. అది పూర్తయ్యేదాకా పెద్ద నకళ్లు చేయవద్దు, ఎందుకంటే ఆ గంటల్లో మిగిలిన ఒక్క డిస్కు మీదే భారమంతా ఉంటుంది.

11. బీరువాలో ఒక కాగితం

నాస్ సంగతి తెలిసినవారు సాధారణంగా ఇంట్లో ఒక్కరే ఉంటారు. అందుకే ఒక కాగితం మీద తెలుగులో, ఎనిమిది వరుసల్లో, నాస్ అడ్రసు, శ్రీమతి ఖాతా పేరు, పత్రాలు ఎక్కడున్నాయి, బీరువాలోని డిస్కు ఎలా తగిలించాలి, దాని పాస్‌వర్డు, యూపీఎస్ బటన్ ఏది అన్నవి రాసి, కవరులో పెట్టి నగల పెట్టె కింద ఉంచాను. నేను ఊళ్లో లేని ఒక రోజు అమ్మ పాసుపుస్తకం ప్రతి అత్యవసరంగా కావలసి వచ్చి, మా శ్రీమతి ఆ కాగితం చూసుకుంటూ ల్యాప్‌టాప్ తెరిచింది. ఆరో వరుస దాకా సాఫీగానే వెళ్లింది, ఏడో దగ్గర ఆగి ఫోన్ చేసింది. పాస్‌వర్డులో నేను రాసింది సున్నాయో, ఇంగ్లిష్ ఓ అక్షరమో తెలియలేదట. ఇంటికి వచ్చాక ఆ వరుస కొట్టివేసి, ప్రతి అక్షరం కింద దాని పేరు తెలుగులో రాసిన కొత్త కాగితం పెట్టాను. ఇప్పుడు దానిలో తొమ్మిది వరుసలున్నాయి.